ఆటోక్యాడ్ ప్లాన్‌ను స్కెచప్‌లోకి సరిగ్గా తీసుకెళ్లడం, మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం

ప్లాన్ ఆటోక్యాడ్‌లో (గీతలతో డ్రాయింగ్ వేసే సాఫ్ట్‌వేర్) సిద్ధంగా ఉంది. క్లయింట్‌కు ఎలివేషన్ (ఇల్లు ఎదురుగా ఎలా కనిపిస్తుందో ఆ బొమ్మ) చూపించాలి. ఫైల్‌ను 3డీ మోడల్ చేసే స్కెచప్‌లో ఇంపోర్ట్ చేస్తే 30 అడుగుల ఇల్లు మూరెడు కూడా లేకుండా వచ్చింది. లేదా తెర మీద అసలేమీ కనిపించలేదు. లేదా అంతా బాగానే ఉన్నట్టుంది కానీ ఒక్క గోడా పైకి లేవడం లేదు. చాలామంది అడిగేది ఈ మూడింటి గురించే.

వీటిలో ఎక్కువ భాగం ఆటోక్యాడ్ ఫైల్‌లోనే పుట్టి, స్కెచప్‌లో బయటపడతాయి. అందుకే ఇక్కడ సగానికి పైగా మాటలు ఇంపోర్ట్ బటన్ నొక్కకముందు చేయాల్సిన పని గురించే. ఇంకో మాట కూడా మొదటే చెప్పుకోవాలి. ఇంపోర్ట్ అయిన గీతలు మీ మోడల్ కావు. సైట్‌లో పునాది తవ్వే ముందు పోసే ముగ్గు లాంటివి అవి. దాన్ని చూసుకుని కట్టాలి గానీ, ముగ్గునే గోడగా లేపాలని చూడకూడదు.

## 1. దగ్గర పెట్టుకోవాల్సినవి

డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ ఫైల్ రకం) ఇంపోర్ట్‌కు ప్రో లాంటి, డబ్బు కట్టి తీసుకునే స్కెచప్ కావాలి. బ్రౌజర్‌లో నడిచే ఉచిత స్కెచప్ డీడబ్ల్యూజీని తీసుకోదు. ఉచిత వెర్షన్ తప్ప వేరే దారి లేకపోతే, ప్లాన్‌ను పీఎన్‌జీ బొమ్మగా తీసి, దాన్ని నేల మీద పరిచి, తెలిసిన ఒక కొలతతో సైజు సరిచేసి దాని మీద గీసుకోవచ్చు. పని నడుస్తుంది కానీ గీతల చివర్లను పట్టుకునే స్నాప్‌లు ఉండవు, కొలత కచ్చితంగా రాదు.

తర్వాత ఫైల్ ఏ వెర్షన్‌లో సేవ్ అయిందో చూడండి. డీడబ్ల్యూజీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి ఆరు అక్షరాలే ఆ సంగతి చెప్పేస్తాయి. మిగతాదంతా అర్థం కాని గుర్తులు, పట్టించుకోవద్దు. చూసి మూసేయండి, పొరపాటున సేవ్ చేయొద్దు.

- ఏసీ1032: 2018 ఫార్మాట్
- ఏసీ1027: 2013 ఫార్మాట్
- ఏసీ1024: 2010 ఫార్మాట్
- ఏసీ1021: 2007 ఫార్మాట్

మీ స్కెచప్ పాతదైతే 2018 ఫార్మాట్ ఫైల్ తెరుచుకోకపోవచ్చు. ఆటోక్యాడ్‌లో సేవ్ యాజ్ కొట్టి 2013 లేదా 2010 ఎంచుకుంటే సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు చెక్‌లిస్ట్:

- అసలు ఫైల్‌కు కాపీ (పని ఎప్పుడూ కాపీ మీదే)
- కొలతలన్నీ కనిపించే పీడీఎఫ్ లేదా ప్రింట్
- మీకు కచ్చితంగా తెలిసిన మూడు కొలతలు: బయటి గోడ మందం, ఇంటి మొత్తం పొడవు, ఒక గుమ్మం వెడల్పు
- అంతస్తు ఎత్తు, స్లాబ్ మందం, లింటెల్ ఎత్తు, కిటికీ కింది అంచు ఎత్తు ఒక కాగితం మీద

ఆ చివరిది చాలామంది వదిలేస్తారు. ప్లాన్‌లో ఎత్తులు ఉండవు. సగం మోడల్ అయ్యాక సైట్ ఇంజినీర్‌కు ఫోన్ చేసి లింటెల్ ఎంత అని అడగడం కంటే ముందే రాసుకోవడం నయం.

## 2. ఏవి దాటుతాయి, ఏవి దాటవు

లైన్లు, పాలీలైన్లు (ఒకటిగా కలిపి ఉండే గీతల వరుస), ఆర్క్‌లు, సర్కిళ్లు, బ్లాక్‌లు (ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపు), లేయర్లు దాటుతాయి. లేయర్లు స్కెచప్‌లో ట్యాగ్‌లుగా కనిపిస్తాయి, బ్లాక్‌లు కాంపోనెంట్లు అవుతాయి. ఆర్క్‌లు, సర్కిళ్లు చిన్న చిన్న గీతల ముక్కలుగా మారతాయి.

అక్షరాలు, కొలతల గీతలు, హ్యాచ్‌లు (ఖాళీని నింపే గీతల నమూనా), ఎక్స్‌రెఫ్‌లు (వేరే ఫైల్ నుంచి తగిలించిన డ్రాయింగ్‌లు) దాటవు. లేఅవుట్ ట్యాబ్‌లో పేపర్ మీద గీసినవీ రావు. మోడల్ ట్యాబ్‌లో ఉన్నది మాత్రమే వస్తుంది. ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్ లాంటి వాటిలో గీసిన ప్రత్యేక గోడలు, తలుపులు కూడా అలాగే రావు. వాటిని ముందు మామూలు గీతలుగా మార్చుకోవాలి. దానికి ఎక్స్‌పోర్ట్ టు ఆటోక్యాడ్ కమాండ్ ఉంది.

అక్షరాలు రావడం లేదని కొందరు వాటిని పేల్చి గీతలుగా మార్చి పంపుతారు. ఆ పని చేయకండి. ఒక్కో అక్షరం బోలెడు గీతలై ఫైల్ బరువెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు. పక్కన పీడీఎఫ్ తెరిచి పెట్టుకుంటే చాలు.

## 3. యూనిట్ ఏమిటో తేల్చుకోవడం

ఆటోక్యాడ్‌లో గీత పొడవు ఒక అంకె మాత్రమే. అది అంగుళమా, మిల్లీమీటరా, మీటరా అన్నది గీసినవాళ్ల మనసులో ఉంటుంది. యూనిట్స్ డైలాగ్‌లో ఏదో ఒకటి ఎంచుకుని ఉండొచ్చు, కానీ దాన్ని నమ్మలేం. మిల్లీమీటర్లని పెట్టి అంగుళాల్లో గీసిన ఫైళ్లు కొల్లలు.

మన దగ్గర ఇది ఇంకాస్త చిక్కు. ఇంటి ప్లాన్లు ఎక్కువగా అడుగులు–అంగుళాల్లో ఉంటాయి. మునిసిపల్ పర్మిషన్‌కు వేసినవి చాలావరకు మీటర్లలో ఉంటాయి. స్ట్రక్చరల్ ఇంజినీర్ పంపేవి మిల్లీమీటర్లలో. ఒకే ఇంటికి మూడు ఫైళ్లు, మూడు యూనిట్లు.

తేల్చుకోవడానికి తేలిక దారి తొమ్మిది అంగుళాల గోడ.

1. యూనిట్స్ కమాండ్‌లో టైప్‌ను డెసిమల్‌కు మార్చండి.
2. డిస్ట్ కమాండ్‌తో బయటి గోడ మందం కొలవండి.
3. వచ్చిన అంకెను కింద చూసుకోండి.

- 9 వస్తే అంగుళాలు
- 0.75 వస్తే అడుగులు
- 230 గానీ 228.6 గానీ వస్తే మిల్లీమీటర్లు
- 23 వస్తే సెంటీమీటర్లు
- 0.23 వస్తే మీటర్లు

కొలత గీత మీద రాసి ఉన్న అంకెను చూసి నిర్ణయించకండి. ఆ అంకెను చేత్తో మార్చి ఉండొచ్చు, డైమెన్షన్ స్టైల్‌లో ఏదో గుణకం పెట్టి ఉండొచ్చు. డిస్ట్ చెప్పిందే నిజం. గోడతోపాటు ఇంటి పొడవు కూడా కొలిచి చూడండి. రెండూ ఒకే యూనిట్ చెప్పాలి.

యూనిట్ తెలిశాక డ్రాయింగ్‌ను స్కేల్ చేసి మార్చాల్సిన పనిలేదు. ఇంపోర్ట్ చేసేటప్పుడు అదే యూనిట్ ఎంచుకుంటే చాలు. అనవసరంగా స్కేల్ చేస్తే తర్వాత వచ్చే రివైజ్డ్ ప్లాన్‌కూ అదే పని గుర్తుపెట్టుకుని చేయాలి.

## 4. ఆటోక్యాడ్‌లో శుభ్రం

వరుస ముఖ్యం. తారుమారు చేస్తే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఒకటి, ఎక్స్‌రెఫ్‌లు. ప్లాన్‌లో పిల్లర్లో, సైటో వేరే ఫైల్ నుంచి వచ్చి ఉంటే ఎక్స్‌రెఫ్ ప్యాలెట్‌లో బైండ్ చేయండి. బైండ్ అడిగినప్పుడు ఇన్సర్ట్ అనే రకం ఎంచుకోండి. లేకపోతే లేయర్ల పేర్ల ముందు ఫైల్ పేరు, డాలర్ గుర్తులు చేరి గందరగోళమవుతుంది.

రెండు, అక్కర్లేని లేయర్లు ఫ్రీజ్. అక్షరాలు, కొలతలు, హ్యాచ్, గ్రిడ్ గీతలు, ఫర్నిచర్, కరెంట్ పాయింట్లు, టైటిల్ బ్లాక్, ఇవన్నీ ఫ్రీజ్ చేయండి. చివరికి గోడలు, పిల్లర్లు, తలుపులు, కిటికీలు, మెట్లు, సజ్జా గీత, స్లాబ్ అంచు మిగలాలి. ఫర్నిచర్ బ్లాక్‌లను ప్రత్యేకంగా చూసుకోండి. నెట్‌లో దొరికే సోఫా, కారు బ్లాక్‌లలో వంపుల గీతలు విపరీతంగా ఉంటాయి. ఇల్లంతా కలిపినా అంత బరువు ఉండదు.

మూడు, ఎత్తు తేడాలు. చూడటానికి రెండు డైమెన్షన్ల ప్లానే, కానీ కొన్ని గీతలు జడ్ దిశలో కాస్త పైకో కిందకో ఉంటాయి. పైనుంచి చూస్తే రెండు గీతలు కలిసినట్టే ఉంటాయి, నిజానికి కలవవు. స్కెచప్‌లో ఫేస్ (మూసుకున్న గీతల మధ్య ఏర్పడే తలం) రాకపోవడానికి ఇదే పెద్ద కారణం. ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోని ఫ్లాటెన్ కమాండ్ వాడండి. కనిపించని గీతలు తీసేయాలా అని అడిగితే వద్దనండి. మీ దగ్గర ఎక్స్‌ప్రెస్ టూల్స్ లేకపోతే ప్రాపర్టీస్ ప్యాలెట్ తెరిచి, లైన్లకు స్టార్ట్ జడ్, ఎండ్ జడ్ రెండూ సున్నా చేయండి. పాలీలైన్లకు ఎలివేషన్ సున్నా చేయండి.

ఒక్క మినహాయింపు. సర్వే డ్రాయింగ్‌లో కాంటూర్ గీతలు (నేల మీద ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి) ఉండి, మీరు నేల ఎత్తుపల్లాలు కూడా మోడల్ చేయాలనుకుంటే వాటిని ఫ్లాటెన్ చేయొద్దు. ఆ జడ్ విలువలే మీకు కావాల్సింది. కాంటూర్లను వేరే ఫైల్‌గా తీసి పెట్టుకోండి.

నాలుగు, గీత మీద గీత. ఓవర్‌కిల్ కొట్టి అంతా ఎంచుకోండి. ఒకదాని మీద ఒకటి పడ్డవి, ఒకే వరుసలో ముక్కలుగా ఉన్నవి కలిసిపోతాయి. డైలాగ్‌లో రంగు, లైన్‌టైప్ తేడాలను పట్టించుకోవద్దని టిక్ పెట్టండి. లేయర్ తేడాను మాత్రం పట్టించుకోనివ్వండి. లేకపోతే కిటికీ గీత గోడ లేయర్‌లో కలిసిపోవచ్చు.

ఐదు, మూలల్లో ఖాళీలు. ఇక్కడ తొందరపడితే తర్వాత గంటలు పోతాయి. కొత్త లేయర్ ఒకటి చేసి, దాన్ని కరెంట్‌గా పెట్టి, బౌండరీ కమాండ్‌తో గోడ రెండు గీతల మధ్య క్లిక్ చేయండి. మూసుకున్న గోడ అయితే చక్కటి పాలీలైన్ వస్తుంది. ఎక్కడైనా ఖాళీ ఉంటే హద్దు దొరకలేదని చెప్పి, విడిపోయిన చివర్ల దగ్గర ఎర్ర సున్నాలు చూపిస్తుంది. దగ్గరికి జూమ్ చేసి ఫిల్లెట్ కమాండ్‌ను సున్నా రేడియస్‌తో కొడితే మూల కలిసిపోతుంది.

ఇలా గుమ్మానికీ గుమ్మానికీ మధ్య ఉన్న ప్రతి గోడ ముక్కకూ ఒక మూసిన పాలీలైన్ చేసుకుంటే స్కెచప్‌లో పని సగం అయిపోయినట్టే. పిల్లర్ గీతలు గోడను అడ్డంగా కోస్తుంటే పిల్లర్ లేయర్‌ను కాసేపు ఆపి ఈ పని చేయండి. పిల్లర్లను విడిగా ఉంచుకోవడం ఎలాగూ మంచిదే.

ఆరు, వంపు గీతలు. స్ప్లైన్లు ఏవైనా ఉంటే పీఎడిట్‌తో పాలీలైన్లుగా మార్చండి.

ఏడు, వంకర. ప్లాన్ రోడ్డుకు సమాంతరంగా కాస్త తిరిగి ఉంటుంది, చాలాసార్లు అర డిగ్రీ కూడా ఉండదు. కంటికి తెలియదు. స్కెచప్ మాత్రం ఆ గోడను ఎర్ర, ఆకుపచ్చ అక్షాలకు సమాంతరంగా ఒప్పుకోదు, గీసే ప్రతి గీతా తలనొప్పే. పొడవైన గోడను ఆధారంగా తీసుకుని రొటేట్ కమాండ్‌లోని రిఫరెన్స్‌తో సున్నా డిగ్రీలకు తిప్పండి. ఉత్తరం ఎటుందో కాగితం మీద రాసుకోండి, నీడలకు తర్వాత కావాలి.

## 5. డబ్ల్యూబ్లాక్: ఒకే దెబ్బకు మూడు పిట్టలు

సర్వేయర్ ఇచ్చిన డ్రాయింగ్ యూటీఎం (భూమ్మీద చోటును మీటర్లలో చెప్పే పద్ధతి) కోఆర్డినేట్లలో ఉంటే ఇల్లు సున్నా బిందువుకు ఎంత దూరంలో ఉంటుందో తెలుసా? హైదరాబాద్ యూటీఎం 44వ ఉత్తర జోన్‌లోకి వస్తుంది. అక్కడ తూర్పు అంకె దాదాపు 2,30,000 మీటర్లు, ఉత్తరం అంకె 19 లక్షల మీటర్లకు పైనే. అంత దూరంలో ఉన్న ఇంటిని స్కెచప్‌లో తెరిస్తే గీతలు వణుకుతాయి, దగ్గరికి వెళ్తే ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, ఫేస్‌లు ఏర్పడవు. కొన్నిసార్లు తెర ఖాళీగా ఉంటుంది.

పని ఇలా చేయండి.

1. ఎంచుకున్న వాటిని కొత్త ఫైల్‌గా రాసే డబ్ల్యూబ్లాక్ కమాండ్ ఇవ్వండి. సోర్స్‌లో ఆబ్జెక్ట్స్ ఎంచుకోండి.
2. బేస్ పాయింట్‌గా ఇంటి నైరుతి మూల పిల్లర్ బయటి మూలను పట్టుకోండి. కొత్త ఫైల్‌లో ఆ బిందువే సున్నా అవుతుంది.
3. ప్లాన్‌ను విండో గీసి ఎంచుకోండి. ఆల్ అని టైప్ చేయకండి, ఆఫ్ చేసిన లేయర్లలోని వస్తువులు కూడా వెంట వస్తాయి.
4. ఇన్సర్ట్ యూనిట్స్‌లో, పైన మూడో భాగంలో తేల్చుకున్న యూనిట్ పెట్టండి.
5. పేరులో అంతస్తు, తేదీ ఉండేలా సేవ్ చేయండి. ఫైనల్, ఫైనల్-2, లేటెస్ట్ ఫైనల్ అనే పేర్లకు ఇకనైనా సెలవిద్దాం.

ఇంటిని సున్నాకు తెచ్చుకున్నారు, కావాల్సినవి మాత్రమే తీసుకున్నారు, వాడని బ్లాక్‌లు, లేయర్ల చెత్త చాలావరకు పాత ఫైల్‌లోనే ఉండిపోయింది. కొత్త ఫైల్ తెరిచి ఒకసారి ఆడిట్ (తప్పులు సరిచేసేది), ఒకసారి పర్జ్ (వాడనివి తీసేసేది) కొట్టి మూసేయండి.

నైరుతి మూలే ఎందుకంటే ప్రత్యేక కారణమేమీ లేదు. ఏ మూలైనా పర్వాలేదు కానీ అన్ని అంతస్తులకూ అదే మూల కావాలి. కింద నుంచి పై దాకా మారకుండా వెళ్లేది పిల్లర్. గోడ మూల అయితే పై అంతస్తులో బాల్కనీ కోసం జరగొచ్చు.

## 6. స్కెచప్‌లో ఇంపోర్ట్

ముందు మీరు పనిచేసే యూనిట్ ఉన్న టెంప్లేట్‌తో కొత్త ఫైల్ తెరవండి. మోడల్ ఇన్ఫోలో యూనిట్స్‌కు వెళ్లి లెంగ్త్ స్నాపింగ్ టిక్ తీసేయండి. అది ఉంటే కొలతలు దగ్గరి అంకెకు సర్దుకుని మిల్లీమీటర్ల తేడా మెల్లగా పేరుకుంటుంది.

ఫైల్ మెనూలో ఇంపోర్ట్, ఫైల్ రకం ఆటోక్యాడ్. ఫైల్ ఎంచుకున్నాక వెంటనే ఇంపోర్ట్ నొక్కొద్దు. పక్కన ఆప్షన్స్ ఉంటుంది, అసలు పని అక్కడే.

- యూనిట్స్: డ్రాయింగ్ ఏ యూనిట్‌లో గీశారో అది. మీ స్కెచప్ ఏ యూనిట్‌లో ఉందో కాదు.
- ప్రిజర్వ్ డ్రాయింగ్ ఆరిజిన్: టిక్ పెట్టండి. సున్నా మూల సున్నా దగ్గరే కూర్చుంటుంది.
- మెర్జ్ కోప్లానర్ ఫేసెస్, ఓరియంట్ ఫేసెస్: ప్లాన్‌కు వీటి అవసరం పెద్దగా లేదు, 3డీ ఫైల్ తెచ్చేటప్పుడు పెట్టుకోండి.

ఇంపోర్ట్ అయ్యాక ఎన్ని లేయర్లు, ఎన్ని వస్తువులు వచ్చాయో, ఏవి వదిలేసిందో ఒక చిన్న జాబితా కనిపిస్తుంది. చూడకుండా మూసేయడం అందరికీ అలవాటు. వదిలేసినవి ఎక్కువగా ఉంటే మీరు ఫ్రీజ్ చేయని హ్యాచో, ప్రత్యేక వస్తువులో ఉన్నాయని అర్థం.

తర్వాత జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టండి, ప్లాన్ అంతా తెర మీదికి వస్తుంది.

## 7. వచ్చిన వెంటనే చేయాల్సిన తనిఖీ

ఒక్క గీత కూడా గీయకముందు ఇవి చూసుకోండి.

- టేప్ మెజర్‌తో ఇంటి పొడవు, గోడ మందం, గుమ్మం వెడల్పు కొలవడం
- కెమెరాను ప్యారలల్ ప్రొజెక్షన్‌కు మార్చి ఫ్రంట్ వ్యూ చూడటం: ప్లాన్ అంతా ఒకే సన్నని అడ్డగీతగా కనిపించాలి. పైకి లేచిన గీత ఒక్కటి ఉన్నా ఫ్లాటెన్ సరిగ్గా కాలేదు
- స్టైల్స్‌లో ఎడ్జ్ రంగును బై యాక్సిస్ చేయడం: నేరుగా ఉన్న గోడలు ఎర్రగా, ఆకుపచ్చగా కనిపిస్తాయి. నల్లగా ఉన్నవి వంకర

నిజంగానే ఏటవాలుగా కట్టే గోడ కూడా నల్లగానే ఉంటుంది, కంగారు పడొద్దు. గోడలన్నీ నల్లగా ఉంటే మాత్రం నాలుగో భాగంలోని తిప్పే పని మిగిలిపోయింది. ఆటోక్యాడ్‌కు వెళ్లి సరిచేసి మళ్లీ తెచ్చుకోండి. పది నిమిషాల పనే.

కొలత తేడా వస్తే ఎంత వచ్చిందో చూస్తే కారణం దొరుకుతుంది. 30 అడుగులు ఉండాల్సిన గోడ:

- 360 మిల్లీమీటర్లు వస్తే: అంగుళాల డ్రాయింగ్‌ను మిల్లీమీటర్లుగా తెచ్చారు
- రెండున్నర అడుగులు వస్తే: అడుగుల డ్రాయింగ్‌ను అంగుళాలుగా తెచ్చారు
- 360 అడుగులు వస్తే: అంగుళాల డ్రాయింగ్‌ను అడుగులుగా తెచ్చారు
- 762 అడుగులు వస్తే: మిల్లీమీటర్ల డ్రాయింగ్‌ను అంగుళాలుగా తెచ్చారు
- 9 మిల్లీమీటర్లు వస్తే: మీటర్ల డ్రాయింగ్‌ను మిల్లీమీటర్లుగా తెచ్చారు

మందు ఒకటే. తీసేసి సరైన యూనిట్‌తో మళ్లీ ఇంపోర్ట్ చేయండి. టేప్ మెజర్‌తో రెండు బిందువులు కొలిచి, అసలు కొలత టైప్ చేసి ఎంటర్ కొడితే మోడల్ సైజు మార్చాలా అని స్కెచప్ అడుగుతుంది. అదీ పనిచేస్తుంది. కానీ మరీ చిన్నగా వచ్చిన డ్రాయింగ్‌ను అలా పెద్దది చేయొద్దు. అంగుళంలో వెయ్యో వంతు కంటే దగ్గరగా ఉన్న బిందువులను స్కెచప్ ఒకటిగా చూస్తుంది. మీటర్ల ప్లాన్ మిల్లీమీటర్లలో దిగినప్పుడే సన్న వివరాలు కలిసిపోయి ఉంటాయి, తర్వాత ఎంత పెంచినా అవి తిరిగి రావు.

కొలత సరిపోయాక మూడు పనులు చేయండి. మొదట, వచ్చినదంతా ఒక గ్రూప్ చేయండి. రెండోది, గ్రూప్ లోపలికి వెళ్లి అన్ని గీతలూ ఎంచుకుని వాటి ట్యాగ్‌ను అన్‌ట్యాగ్డ్‌కు మార్చండి. బయటికి వచ్చి గ్రూప్‌కు మాత్రం 'ప్లాన్ గ్రౌండ్' లాంటి ట్యాగ్ ఇవ్వండి. గీతలకు ట్యాగ్‌లు ఉండిపోతే ఒక ట్యాగ్ దాచినప్పుడు గోడకు ఒక అంచు మాయమై, ఏం జరిగిందో అంతుపట్టదు. మూడోది, గ్రూప్‌ను లాక్ చేయండి. లాక్ చేసినా దాని చివర్లకు స్నాప్ దొరుకుతుంది, పొరపాటున కదిలే ప్రమాదం మాత్రం పోతుంది.

## 8. గోడలు లేపడం

లాక్ చేసిన ప్లాన్ మీద, కొత్త గ్రూప్‌లో, లైన్, రెక్టాంగిల్ టూల్స్‌తో గోడలు గీయండి. ఇంపోర్ట్ అయిన గీతలనే లాగితే తొందరగా అవుతుంది కదా అని అనిపిస్తుంది. చిన్న ఇంటికి, బౌండరీతో శుభ్రం చేసుకున్న ఫైల్‌కు అది కుదురుతుంది. అప్పుడు ఆ పాలీలైన్లను కాపీ చేసి, కొత్త గ్రూప్‌లో పేస్ట్ ఇన్ ప్లేస్ చేసి, ఒక్కో ముక్కకు ఒక అంచు మీద లైన్ టూల్‌తో మళ్లీ గీస్తే ఫేస్ వచ్చేస్తుంది. ఇంకొకరి దగ్గర నుంచి వచ్చిన ఫైల్ అయితే మాత్రం నేను తిరిగి గీయడానికే మొగ్గుతాను. రెండు పడకగదుల ఇల్లు గీయడానికి పట్టే సమయం, కలవని మూలలు వెతకడానికి పట్టే సమయంలో సగం కూడా ఉండదు.

ఎత్తు లెక్క ఒకసారి చూద్దాం. అంతస్తు నుంచి అంతస్తుకు 10 అడుగులు, స్లాబ్ 5 అంగుళాలు అనుకుంటే గోడ ఎత్తు 9 అడుగుల 7 అంగుళాలు. పుష్ పుల్‌తో ఫేస్ పట్టుకుని, కాస్త పైకి లాగి, ఎత్తు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మిగతా గోడ ముక్కల మీద డబుల్ క్లిక్ చేస్తే అదే ఎత్తు వస్తుంది.

గుమ్మాల దగ్గర ఖాళీ పై దాకా ఉంటుంది. లింటెల్ 7 అడుగులైతే, అక్కడి నుంచి గోడ పైవరకు ఉన్న 2 అడుగుల 7 అంగుళాల ముక్కను గోడ పక్క ఫేస్ మీద గీసి, ఎదుటి గోడ దాకా లాగండి. కిటికీల కింద ఉండే గోడ ముక్క కూడా ఇలాగే. ముక్కలు కలిసిన చోట మిగిలే నిలువు గీతలను ఎరేజర్‌తో తుడిచేయండి.

పని అయ్యాక స్టైల్‌ను మోనోక్రోమ్‌కు మార్చి ఇంటి చుట్టూ తిరిగి చూడండి. బయటికి తెల్ల వైపు ఉండాలి. నీలం-బూడిద రంగు కనిపిస్తే ఫేస్ తిరగబడింది, రివర్స్ ఫేసెస్ కొట్టండి. ఇది రెండర్ సాఫ్ట్‌వేర్‌లోకి పంపాక కనిపెట్టడం కంటే ఇక్కడే చూసుకోవడం తేలిక.

## 9. ఫేస్ రావడం లేదంటే

ఈ వరుసలో వెతకండి.

1. స్టైల్స్‌లో ఎండ్‌పాయింట్స్ ఆన్ చేయండి. ప్రతి గీత చివరా లావుగా కనిపిస్తుంది. గోడ మధ్యలో అనుకోని చోట లావు చుక్క ఉంటే అక్కడ గీత తెగింది.
2. ఫ్రంట్ వ్యూలో మళ్లీ చూడండి, ఎత్తు తేడా ఉందేమో.
3. మీరు గీస్తున్నది ఏ గ్రూప్‌లో ఉందో చూడండి. గోడలో మూడు అంచులు ఒక గ్రూప్‌లో, నాలుగోది బయట ఉంటే ఎన్నిసార్లు గీసినా ఫేస్ రాదు.
4. ఫేస్‌ను రెండుగా విడగొట్టి ప్రయత్నించండి. మూల నుంచి మూలకు అడ్డగీత గీస్తే ఒక సగం వచ్చి ఇంకో సగం రాదు. తప్పు రాని సగంలో ఉంది. దాన్నీ విడగొట్టుకుంటూ పోతే చోటు దొరుకుతుంది.

పెద్ద ఫైల్ అయితే థామ్‌థామ్ అనే డెవలపర్ తయారుచేసిన ఎడ్జ్ టూల్స్ ఎక్స్‌టెన్షన్ చిన్న ఖాళీలను వెతికి మూస్తుంది. ఖాళీ ఎంతవరకు ఉంటే మూయాలో మీరే చెప్పాలి. ఆ అంకె పెద్దదిగా పెడితే అసలైన సందులు కూడా మూసేస్తుంది, జాగ్రత్త.

## 10. పై అంతస్తు, మారిన ప్లాన్

పై అంతస్తు ప్లాన్‌నూ అదే పిల్లర్ మూల బేస్ పాయింట్‌గా డబ్ల్యూబ్లాక్ చేసి తెచ్చారు కాబట్టి అది సరిగ్గా కింది ప్లాన్ మీదే దిగుతుంది. గ్రూప్ చేసి, మూవ్ టూల్‌తో నీలం దిశలో 10 అడుగులు పైకి జరపండి. పైకి బాణం కీ నొక్కితే ఆ దిశకే కట్టుబడుతుంది.

ప్లాన్ మారి కొత్త ఫైల్ వస్తే పాతదాన్ని తీసేయొద్దు. కొత్తదాన్ని వేరే ట్యాగ్‌తో, వేరే రంగుతో అదే చోట దించండి. రెండూ ఒకదాని మీద ఒకటి ఉంటే ఏ గోడ ఎంత జరిగిందో కంటికే తెలిసిపోతుంది. ఆ గోడలు మాత్రమే సరిచేసుకోవచ్చు.

## 11. స్కెచప్ నుంచి ఆటోక్యాడ్‌కు

ఎలివేషన్ క్లయింట్‌కు నచ్చింది, ఇప్పుడు దాన్ని వర్కింగ్ డ్రాయింగ్‌గా వెనక్కి తేవాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు 3డీ మోడల్ మొత్తాన్ని డీడబ్ల్యూజీగా పంపడం. ఎలివేషన్‌కు మీకు కావాల్సింది 2డీ గ్రాఫిక్ ఎక్స్‌పోర్ట్.

1. కెమెరా: ప్యారలల్ ప్రొజెక్షన్. ఆ తర్వాత స్టాండర్డ్ వ్యూస్‌లో ఫ్రంట్ లేదా టాప్. పర్‌స్పెక్టివ్‌లో ఉంటే స్కేల్ రాదు.
2. చెట్లు, కార్లు, మనుషుల ట్యాగ్‌లు దాచేయండి.
3. స్టైల్‌లో ప్రొఫైల్స్, ఎక్స్‌టెన్షన్స్ ఆపేయండి. లేకపోతే గీతలు మందంగా, చివర్లు పొడుచుకుని వస్తాయి.
4. ఫైల్, ఎక్స్‌పోర్ట్, 2డీ గ్రాఫిక్, రకం డీడబ్ల్యూజీ. ఆప్షన్స్‌లో ఫుల్ స్కేల్ టిక్ ఉండాలి. ఆ టిక్ నొక్కనివ్వకపోతే మొదటి అంచె సరిగ్గా చేయలేదు.
5. సెక్షన్ కావాలంటే సెక్షన్ ప్లేన్ పెట్టి, ఎక్స్‌పోర్ట్‌లోని సెక్షన్ స్లైస్ వాడండి. కోసిన గీతలు మాత్రమే వస్తాయి.

ఆటోక్యాడ్‌లో తెరిచాక మొదట డిస్ట్. తెలిసిన గోడ ఒకటి కొలవండి. తేడా ఉంటే స్కేల్ కమాండ్‌లో రిఫరెన్స్ ఎంచుకుని, ఆ గోడ రెండు చివర్లూ చూపించి అసలు కొలత ఇవ్వండి. తర్వాత ఓవర్‌కిల్. లేయర్లు మీరే సర్దుకోవాలి.

గుండ్రటి పిల్లర్లు, ఆర్చీల దగ్గర ఇంకో పని ఉంది. స్కెచప్‌లో సర్కిల్ అంటే మామూలుగా 24 సరళరేఖల ముక్కలు, ఆర్క్ అంటే 12. మీరు పెంచుకోకపోతే అవి అలాగే ముక్కలుగా వస్తాయి. వాటి మీద రేడియస్ కొలత వేయలేరు. మూడు బిందువులు పట్టుకుని ఆటోక్యాడ్ సర్కిల్, ఆర్క్ కమాండ్లతో తిరిగి గీసి, ముక్కలను తీసేయండి. సెంట్రింగ్ చేసే మేస్త్రీకి ఇచ్చే కాగితం మీద ఆ రేడియస్ రాసి ఉండాలి.